పదకొండో టోపీ

చేయవలసిన పనులు:

లాకరు తాళంచెవి మేస్త్రీకి అప్పగించాలి.
బూట్లు గ్యాంగులో ఎవరి కాలికి పడితే వాళ్ళకు ఇచ్చెయ్యాలి.
అత్తయ్య కళ్ళజోడు మార్పించాలి.
ఎనిమిదో నెల పరీక్షకు ఆస్పత్రిలో పేరు రాయించుకోవాలి.
బడిలో సెలవు చీటీ ఇవ్వాలి, పాత రిజిస్టర్లు తిరిగి ఇవ్వాలి.
చొక్కాల గుండీలు కోసి విడిగా పెట్టాలి.
బొంత.

జాబితా రాసింది కోడలు. బడి ఆఫీసులో రిజిస్టర్లు రాసే ఉద్యోగం ఆమెది. వాళ్ళ పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఏ పనైనా కాగితం మీద పడితేగాని మొదలైనట్టు ఉండదు ఆమెకు. ఆఖరి మాట మాత్రం అత్త చెప్పి రాయించింది.

"బొంత అని రాయి."

"ఏం బొంత అత్తయ్యా?"

"వాడి చొక్కాలూ, కోటూ, టోపీలూ అన్నీ కలిపి బిడ్డకి ఒక బొంత. ముందు రాయమ్మా. నువ్వు రాయకపోతే ఈ ఇంట్లో పొయ్యి కూడా వెలగదు కదా."

కోడలు రాసింది. కడుపు బల్లకు తగులుతుంటే కాస్త పక్కకు తిరిగి కూర్చుని, ఆ మాట కింద ఒక గీత కూడా గీసింది. బట్టలు పెట్టెలో మడతపెట్టి ఉన్నంతకాలం మనిషి ఊరెళ్ళాడని అనుకోవడానికి వీలుంటుంది. కత్తెర పడితే ఆ వీలు ఉండదు. అది నోటితో అనలేక గీత గీసింది.

అత్త నలభై ఏళ్ళుగా టోపీల కార్ఖానాలో పనిచేస్తోంది. కార్ఖానా అంటే పెద్దదేం కాదు. రెండు గదులు, ఆరు కుట్టుమిషన్లు, ఒక ఆవిరి ఇస్త్రీపెట్టె, గోడ పొడవునా అలమరలో వరసగా చెక్కతలలు. కళ్ళూ ముక్కూ లేని ఆ తలల మీద తడి టోపీలు బిగించి ఆకారం తెస్తారు. ఒక్కో తలకు ఒక్కో కొలత, సెంటీమీటర్లలో. అత్తకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. నలభై రెండు నుంచి అరవై రెండు దాకా ఏ అంకె చెప్పినా అది ఎంత తలో రెండు చేతులతో గాలిలో పట్టి చూపిస్తుంది. వీధిలో ఎవరైనా ఆగి, "ఏమ్మా, ఇవాళ ఎంతమందికి టోపీ పెట్టావు?" అంటే, "రెండు డజన్లు అయ్యాయి, నీ తలకాయ ఒక్కటే మిగిలింది, వంచు" అనేది. ఇదంతా ఇదివరకటి మాట. ఈ రెండు నెలలుగా ఎవరూ ఆ పరాచికం ఆడడం లేదు.

ఆమె కొడుకు నీటి సరఫరా గ్యాంగులో పనిచేసేవాడు. గ్యాంగులో అతని పేరు 'చెవి'. రోడ్డు కింద పైపు ఎక్కడ పగిలిందో పైకి తెలియదు. నీళ్ళు ఒకచోట కారి, మట్టిలో పాకి, ఇంకెక్కడో తేలతాయి. అతను ఒక పొడుగాటి ఇనుపకడ్డీని రోడ్డు మీద నిలబెట్టి, పై కొసకు కుడిచెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. రెండడుగులు జరిగి మళ్ళీ వినేవాడు. చివరికి సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టేవాడు. తవ్వితే పగులు అక్కడే ఉండేది. ఆ కడ్డీకి అడ్డం రాకుండా అతని టోపీలకు కుడివైపు అంచు కాస్త పైకి లేపి కుట్టేది తల్లి. "నలభై ఏళ్ళ పనిలో ఇంత వంకర టోపీ కుట్టలేదురా నేను, ఎవరికీ చెప్పకు నేను కుట్టానని" అని ప్రతిసారీ అనేది. ప్రతిసారీ కుట్టేది.

ఒక రోజు అతను గుర్తు పెట్టిన చోటే తవ్వారు. పైపు దొరికింది. అతను గుంటలో దిగి పగులుకు పట్టీ బిగిస్తుండగా పక్క మట్టి కూలింది. గ్యాంగంతా పారలు పడేసి చేతులతో తవ్వి బయటికి తీశారు. అప్పటికే అయిపోయింది. కోడలికి అప్పుడు ఆరో నెల.

వారం తర్వాత గ్యాంగు మేస్త్రీ అతని సంచి తెచ్చి ఇచ్చాడు. ఆ వేళకు అత్త కార్ఖానాలో ఉంది. సంచిలో అన్నం డబ్బా, తువ్వాలు, ఒక జత మేజోళ్ళు, అన్నిటికన్నా అడుగున కాగితంలో చుట్టిన టోపీ. నీలం ముతకగుడ్డ. మట్టి ఎండి అట్ట కట్టింది. కోడలు దాన్ని దులపలేదు. కాగితం విప్పి లోపల చెయ్యి పెట్టింది. పట్టీ దగ్గర నూనె మరక, అంటుకుని రెండు వెంట్రుకలు. పైన నెత్తి దగ్గర గుండ్రంగా, వెనక కొంచెం చదునుగా, అతని తల ఎలా ఉండేదో టోపీ అలాగే నిలబడి ఉంది. అత్త ఇంటికి వచ్చేసరికి అది కోడలి బట్టలపెట్టె అడుగుకు చేరింది. దాని మీద బడి పాత రిజిస్టర్లు నాలుగు పెట్టి మూత వేసింది.

ఎందుకు దాచావని అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే ఆమె చెప్పలేకపోయేది. తల్లికి కొడుకు టోపీ చూపించడానికి అభ్యంతరం ఏముంటుంది? కానీ అత్త చేతిలో పడిన టోపీ టోపీగా ఉండదు. తిరగేస్తుంది, కుట్టు చూస్తుంది, ఉతుకుతుంది, చెక్కతల మీద బిగిస్తుంది. ఆ చేతులకు అదే తెలుసు.

బొంత పని ఒక సెలవురోజు పొద్దున మొదలైంది. అత్త కిటికీ దగ్గర చాప పరిచి, అటక మీద నుంచి ఒక గోనెసంచి దింపింది. కొడుక్కి తను కుట్టిన టోపీలన్నీ అందులో దాచింది. ప్రతి టోపీ లోపటి పట్టీ మీద చెరగని సిరాతో కొలత వేసి ఉంది.

"ఇదిగో, నలభై నాలుగు. ఏడాది పిల్లవాడప్పుడు. దీని కట్టుతాడు కొరికి కొరికి పీచు చేశాడు చూడు. ఇది నలభై తొమ్మిది, బడికి పోయిన మొదటిరోజు. ఇది యాభై రెండు. ముందు పళ్ళు రెండూ లేవు, పోజు మాత్రం దొరగారిలా ఉండేది." ఒక్కొక్కటీ చాప మీద పెడుతోంది. "ఇది యాభై ఆరు. గొంతు మారిన ఏడు. నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎందుకని నీకేమైనా చెప్పాడా ఎప్పుడైనా?"

"లేదత్తయ్యా."

"నాకూ చెప్పలేదు. యాభై తొమ్మిది దగ్గర తల ఆగిపోయింది. ఇక అన్నీ యాభై తొమ్మిదే." వేలు పెట్టి లెక్కించింది. "పది. నేను కుట్టింది పదకొండు. ఆఖరిది మట్టిలో పోయినట్టుంది."

కోడలు తల వంచుకుని చొక్కా గుండీ కోస్తోంది. గుండీ చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఎనిమిదో నెలలో మంచం కింద వెతకడం అయ్యే పని కాదు. ఆమె తర్వాతి గుండీ కోయసాగింది.

"ఉంటే బాగుండేది" అంది అత్త. "లేనిదానికి ఏం చేస్తాం."

పనికి అత్త పెట్టిన నియమాలు రెండే. ఉతకని గుడ్డ బొంతలో పడకూడదు, పడితే తర్వాత కుంచించుకుపోయి పక్కగుడ్డను లాగేస్తుంది. కుట్టు విప్పేటప్పుడు గుడ్డను చింపకూడదు, దారాన్నే తెంపాలి. మొదటి నియమం కోసం రెండు రోజులు దండెం నిండా అతని బట్టలు ఆరాయి. దారినపోయేవాళ్ళు చూసి తలలు తిప్పుకున్నారు. రెండో నియమం కోసం కోడలు బ్లేడుముక్క పట్టుకుని రోజూ బడి నుంచి వచ్చాక పీట మీద కాళ్ళు చాపుకుని టోపీలు విప్పేది. ఒక్కో టోపీకి ఆరు పలకలు. పైన మొన, కింద వెడల్పు. ఆరు మొనలూ నెత్తి మీద కలిసే చోట గుడ్డ చుట్టిన గుండీ ఒకటి. అది ఊడగానే టోపీ పువ్వులా తెరుచుకుని కింద పడేది.

చొక్కాల దగ్గర ఆమెకు చేతులు ఆడలేదు. గళ్ళ చొక్కా, చారల చొక్కా, పెళ్ళినాటి తెల్లచొక్కా, బూడిదరంగు ఉన్నికోటు. అత్త కత్తెర తీసుకుంది.

"నువ్వు అటు తిరుగు."

"చూస్తానత్తయ్యా."

"చూడకు. నేనూ చూడను. చేతులు చూసుకుంటాయిలే."

తెల్లచొక్కా వీపు మీద కత్తెర నడిచిన చప్పుడు కోడలు విన్నది. పెద్ద చప్పుడేం కాదు.

అత్త కుట్టడం మధ్యలో నుంచి మొదలుపెట్టింది. ఏడాదిపిల్లవాడి టోపీ పలకలు ఆరూ నడుమ. వాటి చుట్టూ యాభై రెండు. దాని చుట్టూ చొక్కా ముక్కలు ఒక వరస, కోటు ముక్కలు ఒక వరస, మళ్ళీ టోపీలు. పట్టీల మీద అంకెలు పోకూడదని కోడలు పట్టుబడితే వాటినీ కోసి అక్కడక్కడ అతికించింది. పొద్దున కార్ఖానాకు వెళ్ళేముందు గంట, సాయంత్రం వచ్చాక వెలుగు ఉన్నంతసేపు. ఒళ్ళో పెట్టుకుని, కుట్టిన మేరకు చుట్టచుట్టి పక్కన పడేస్తూ కుట్టేది. కార్ఖానాలో అలవాటు అంతే, పూర్తయ్యేదాకా ఎవరూ పరిచి చూడరు. టోపీని పరిచేది ఎక్కడ?

ఆ రోజుల్లోనే మేస్త్రీ తాళంచెవి కోసం వచ్చాడు. బూట్లు తిప్పి చూసి, "మా డ్రైవరుకి పడతాయి" అని పక్కన పెట్టుకున్నాడు. టీ తాగుతూ గుడ్డముక్కల వైపు చూశాడు.

"వాడు పోయాక మా గ్యాంగుకి చెవుడొచ్చినట్టుందమ్మా. మొన్న ఒక్క పగులు కోసం మూడు చోట్ల తవ్వాం. మూడూ తప్పే."

"వినే మిషనేదో ఇచ్చారన్నావు?" అంది అత్త.

"ఇచ్చారు. దానికేం వినపడుతుందో అది మాకు చెప్పదు. మేం తిట్టేవి మాత్రం అన్నీ వింటుంది."

ముగ్గురూ నవ్వారు. ఆ గదిలో నవ్వు వినపడి చాలా రోజులైంది కాబట్టి ముగ్గురికీ కొంచెం సిగ్గు కూడా వేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికేనేమో మేస్త్రీ తొందరగా మాట కలిపాడు.

"అన్నట్టు చెల్లెమ్మా, ఆ టోపీ మట్టి వదిలిందా? అందరూ వెళ్ళాక నేనే మళ్ళీ గుంటలో దిగి వెతికాను. వాడి టోపీ అక్కడ వదిలి రాబుద్ధి కాలేదు."

కోడలి చేతిలో టీగ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగింది. అత్త ఆమె వైపు తిరగలేదు. మేస్త్రీ వైపే చూస్తూ, "వదులుతుందిలే నాయనా. ముతకగుడ్డ కదా, నానాలి" అంది.

అతను వెళ్ళిపోయాడు. కోడలు గ్లాసులు కడిగి, తుడిచి, తుడిచినవే మళ్ళీ తుడిచి వచ్చి నిలబడింది.

"అత్తయ్యా..."

"సూదిలో దారం ఎక్కించిపెట్టు. కళ్ళజోడు మార్పిస్తానని రాసుకున్నావు, కాగితానికి కనపడుతోంది గానీ నాకు కనపడటం లేదు."

కోడలు దారం ఎక్కించింది. అత్త కుట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు అడగలేదు. మర్నాడూ అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా కోడలికి తేలిగ్గా ఉండేది. అడగకపోవడంతో ఆ పెట్టె వైపు నడవడమే కష్టమైంది.

అయినా నడిచింది. అత్త కార్ఖానాకు వెళ్ళిన ఒక పొద్దున, మూత ఎత్తి రిజిస్టర్లు తీసింది. టోపీ అణిగిపోయి ఉంది. చెయ్యి పెట్టి పైకి లేపింది. లేచింది గానీ ఆ ఆకారం వేరు. ఇన్నాళ్ళూ అత్త లేనప్పుడల్లా తీసి, లోపల పిడికిలి పెట్టి పట్టుకుని కూర్చుంది కదా, టోపీ ఆ పిడికిలికి అలవాటు పడింది. నాలుగు వేళ్ళ గుబ్బలు, బొటనవేలి నొక్కు. వెనక చదునుగా ఉండే చోటు ఏదో వెతికింది. దొరకలేదు. వెంట్రుకలు రెండూ ఎప్పుడు రాలాయో తెలియదు. ఆమె టోపీని ఒళ్ళో పెట్టుకుని, బడికి ఆలస్యమవుతున్నా కదలకుండా చాలాసేపు కూర్చుంది. తర్వాత పెట్టెలోనే పెట్టింది. రిజిస్టర్లు మాత్రం మళ్ళీ దాని మీద పెట్టలేదు.

బొంత పైభాగం ఆ ఆదివారం పూర్తయింది. ఎదురింటి ఇస్త్రీ ఆమెను కూడా పిలిచారు, కుట్లు అణచడానికి ఇస్త్రీపెట్టెతో సహా వచ్చింది. ముగ్గురూ కలిసి బొంతను మంచం మీద పరిచారు.

అది పరుచుకోలేదు.

అంచులు మంచానికి ఆనుకున్నాయి, నడుమ భాగం పైకి లేచి నిలబడింది. అరచేత్తో అదిమితే అటు పక్క లేచింది. అటు అదిమితే ఇటు. లోపల ఎవరో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు ఉంది. ఇస్త్రీ ఆమె నడుముకు చేతులు పెట్టుకుని చూసింది.

"వదినా, ఇది బొంతా, గొడుగా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె నాలుక కరుచుకుని, పెట్టె బాగా కాల్చి, తడిగుడ్డ వేసి రుద్దింది. ఆవిరి పొంగింది. పెట్టె కిందున్నంతసేపు గుడ్డ అణిగింది, తీయగానే మెల్లగా మళ్ళీ లేచింది. మూడుసార్లు చేసి, "బొగ్గు దండగ. కుట్టులోనే ఉంది ఏదో" అని పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

అత్త మంచం పక్కన నేల మీద కూర్చుంది. బొంత అంచు చేతిలోకి తీసుకుని కుట్టు వెంట వేలు నడిపించింది. ఒక్క ముక్క కూడా తిన్నగా లేదు. ప్రతి ముక్క అంచూ కంటికి కనపడనంత వంపు తిరిగి ఉంది. ప్రతి వరసా లోపలి వరస కంటే కాస్త బిగువుగా పడింది. ఎవరూ అలా కుట్టమనలేదు. నలభై ఏళ్ళు కత్తెర ఎటు తిరిగిందో అటే తిరిగింది. వేళ్ళు ఎక్కడ బిగించేవో అక్కడే బిగించాయి.

"నా చేతులకి తలలే తెలుసు" అంది. "బల్లపరుపు తెలియదు. వాడి బట్టలన్నీ కోసిపారేసి, పెద్ద టోపీ ఒకటి కుట్టాను, చూడు."

కోడలు అత్త ఏడవడం అంతకుముందు చూసింది. కొడుకును తెచ్చిన రోజు గట్టిగా ఏడ్చింది. ఇది అలా లేదు. చప్పుడు లేదు, కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, చేతులు మాత్రం ఇంకా కుట్టును తడుముతున్నాయి. చేతులకు తాము చేసిన తప్పు తెలిసినట్టే ఉంది.

"విప్పి మళ్ళీ కుట్టొచ్చు కదత్తయ్యా?"

"విప్పితే ఏమొస్తుంది? కోసిన వంపు పోదు."

కొంతసేపటికి ముక్కు తుడుచుకుని లేచింది. నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి కాబట్టి ఏడుస్తూనే ఆలోచించింది. బొంతను తిరగేసి చూసింది. సుద్దముక్క తీసుకుని, నడుమ నుంచి అంచుకు వచ్చే ఆరు కుట్ల మీద గుర్తులు పెట్టింది.

"అంచులు బిగువైతే కదా నడుమ లేచింది. ఈ ఆరు కుట్లూ అంచు నుంచి జానెడు లోపలికి విప్పి, సందులో ముక్క వేస్తే అంచుకు వదులొస్తుంది. అప్పుడు పడుకుంటుంది. ఆరు ముక్కలు కావాలి. ఇలాంటివి." బల్ల మీద సుద్దతో గీసింది. లోపలి వైపు మొన, అంచు వైపు వెడల్పు, పక్కలు కొంచెం వంపు.

గీసి, ఆ బొమ్మ వైపు చూస్తూ ఆగిపోయింది. కోడలూ చూసింది. ఈ నెలరోజులుగా తను విప్పినవన్నీ ఆ ఆకారమే. టోపీ పలక.

పది టోపీల పలకలూ బొంతలో ఉన్నాయి. మిగిలినవి చొక్కా చేతుల అంచులు, వేలెడు పీలికలు. అత్త గబగబా సుద్దబొమ్మ మీద అరచెయ్యి రాసి చెరిపేసింది.

"నా పనికోటు ఒకటి ఉంది. పాతదైనా గట్టిగుడ్డ. అది కోస్తాను" అంది. "బిడ్డకి నాయనమ్మ గుడ్డ కూడా ఉండాలిగా."

కోడలు లోపలికి వెళ్ళింది. పెట్టె మూత ఎత్తిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మూత వేసిన చప్పుడు. టోపీ తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది.

అత్త ముట్టుకోలేదు. రెండు చేతులూ పక్కకు తీసి, ఒళ్ళో ఉన్నదాన్ని చూస్తూ ఉండిపోయింది. మట్టి ఇంకా ఉంది. పైకి లేచిన కుడి అంచు, ఆమె కుట్టిన వంకర, అలాగే ఉంది.

"వద్దమ్మా. అది నీది. నాకు తెలిసిన రోజే అనుకున్నాను, అది నీకు ఉండనీ అని."

"మీకు చెప్పకుండా దాచాను అత్తయ్యా."

"దాచుకోక? నాకు పది ఉన్నాయి. నీకు ఒక్కటి."

"దాని ఆకారం పోయింది."

"ఆకారానిదేముంది, యాభై తొమ్మిది చెక్కతల మీద తడిపి బిగిస్తే రేపటికల్లా నిలబడుతుంది. కొత్తదానిలా చేసి ఇస్తాను, ఉంచుకో."

"చెక్కతల ఆకారం వస్తుంది. ఆయనది రాదు" అంది కోడలు. "పట్టుకుని పట్టుకుని నేనే పోగొట్టాను. ఇంకా పెట్టెలో పెడితే ఇంకా పోతుంది. మీరు విప్పుతారా, నేను విప్పనా?"

అత్త బ్లేడుముక్క ఆమె వైపు జరిపింది.

కోడలు నెత్తి గుండీ దగ్గర మొదలుపెట్టింది. దారం ఎండి రాయిలా ఉంది. ఒక్కో కుట్టూ తెగినప్పుడల్లా మడతలోంచి సన్నటి మట్టి రాలి కాగితం మీద పడింది. గుంట అడుగు మట్టి, నల్లగా, పొడిగా. ఆరు పలకలూ విడిపోయేసరికి ఒక చెంచాడు అయింది. ఇద్దరూ దాని వైపు చూశారు. ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి అత్తే ఆ కాగితం తీసుకుని బయటికి వెళ్ళి, మెట్ల పక్క నేల మీద మెల్లగా వదిలి, ఖాళీ కాగితం మడిచి తెచ్చింది.

"ఉతకాలి" అంది కోడలు. నియమం ఆమెకు గుర్తుంది.

"నేను ఉతుకుతాలే."

"నేనే ఉతుకుతాను."

బకెట్లో మొదటి నీళ్ళు నల్లగా వచ్చాయి, రెండోవి బూడిదరంగుగా. మూడోసారి ఆమె చేతులు నీళ్ళలోనే ఉంచి కొంచెంసేపు ఆగింది. నాలుగోసారి నీళ్ళు తేటగా వచ్చాయి. బిడ్డ కడుపులో తన్నింది. ఆమె వంగలేక వంగి, ఆరు పలకలూ పిండి, దండెం మీద ఒక్కొక్కదానికీ ఒక్కొక్క క్లిప్పు పెట్టింది. నీలం అంత లేతదని అప్పుడే తెలిసింది.

అవి వేసిన తర్వాత బొంత పడుకుంది. పూర్తిగా కాదు. ఎడమ మూల దగ్గర ఒకచోట ఇంకా గుప్పెడంత పొంగు ఉంది. అత్త అది చూసినప్పుడల్లా విప్పి సరిచేస్తానంటుంది. కోడలు ఇవ్వడం లేదు. జాబితాలో 'బొంత' అన్న మాటను కొట్టేసింది గానీ దాని కిందున్న గీతను అలాగే ఉంచింది.

ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచి బొంత మీదే పడుకుంటోంది, దాన్నే తడుపుతోంది. ఉతికి ఆరేసినప్పుడల్లా ఇస్త్రీ ఆమె వచ్చి, "ఏదీ, మన గొడుగు?" అని పట్టుకుపోతుంది. ఇప్పుడు ఆ మాటకు అత్త కూడా నవ్వుతుంది.

"ఇలా రోజూ ఉతికితే పదేళ్ళు వస్తే గొప్ప" అని మొన్న అత్తే అంది. "గుడ్డ కదా."

అదే మాట రెండు నెలల ముందు విని ఉంటే కోడలు తట్టుకునేది కాదు. ఇప్పుడు తల ఊపింది. ఒక్క మనిషి పెట్టెలో పెట్టి కాపాడగలిగేది ఎంతో ఆమె చేతులారా చూసింది. అందుకే ఈ మధ్య అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అతని గురించి చెబుతోంది. బడిలో పంతులమ్మలకు చెబుతుంది, ఆస్పత్రిలో పక్క మంచం ఆమెకు చెప్పింది. పిల్ల పెద్దదై అడిగేనాటికి నాలుగు చోట్ల నాలుగు మాటలు మిగిలి ఉండాలని ఆమె ఆశ. ఇదంతా ఆమె ఇక్కడ రాసిందీ అందుకే.

చదివిన మీరు కూడా కొంచెం ఉంచుకోండి. అతను బూట్లు వేసుకుంటూ ఈల వేసేవాడు, ఏ పాటనైనా సగంలో ఆపేవాడు. టీలో ముంచిన రొట్టె విరిగి పడిపోతే చెంచాతో దాని కోసం గ్లాసు అడుగంతా గాలించేవాడు. అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు గోక్కునేవాడు, అందుకని ఒక్క అబద్ధమూ నిలబడలేదు. భార్య ఆఫీసులో రాసుకొచ్చిన రిజిస్టర్లు తెరిచి, తనకు ఏమీ అర్థం కాకపోయినా, "ఎంత బాగా రాశావే" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బతికాడు. గ్యాంగులో అందరూ అతన్ని చెవి అని పిలిచేవారు. ఎప్పుడైనా మీకు తీరికైనప్పుడు, ఒక్కసారి అతన్ని తలచుకోండి.